బీరాఫ్ మందులకు మధ్యమధ్య విరామం: ఎలుకల్లో పనిచేసింది, మనుషుల్లో ఎందుకు బెడిసికొట్టింది?

పిపెట్

వీ600ఈ మ్యుటేషన్ ఉన్న మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కు బీరాఫ్, మెక్ ప్రొటీన్లను అడ్డుకునే మందులు (ఇన్హిబిటర్లు) రోజూ వాడాలా, కొన్ని వారాలు వాడి కొన్ని వారాలు ఆపాలా? ఈ రెండు పద్ధతులను రోగుల్లో పోల్చిన ఎస్1320 ట్రయల్‌లో విరామం వెనకబడిందని 2020లో తేలాక చాలామంది విరామం మాటే ఎత్తడం మానేశారు. అది తొందరపాటు అని నా వాదన.

కొత్తగా చదివేవారి కోసం కాస్త నేపథ్యం. కణం పెరగాలన్న కబురు ప్రొటీన్ నుంచి ప్రొటీన్‌కు, రాస్ నుంచి రాఫ్‌కి, అక్కడి నుంచి మెక్‌కి, చివరికి ఎర్క్‌కి చేరుతుంది. చర్మపు మెలనోమాల్లో దాదాపు సగంలో బీరాఫ్ ప్రొటీన్ 600వ స్థానంలో మ్యుటేషన్ ఉంటుంది, వాటిలో ఎక్కువ భాగం వాలీన్ పోయి గ్లుటామిక్ ఆమ్లం చేరే వీ600ఈ. అప్పటి నుంచి రాస్ చెప్పినా చెప్పకపోయినా బీరాఫ్ పనిచేస్తూనే ఉంటుంది. 2011లో అమెరికాలో అనుమతి పొందిన వెమురాఫెనిబ్ దీన్నే అడ్డుకుంటుంది. గడ్డలు వారాల్లో కరిగిపోయాయి, కానీ బ్రిమ్-3 ట్రయల్‌లో జబ్బు మళ్లీ ముదరడానికి పట్టిన మీడియన్ కాలం 5.3 నెలలే. మరో బీరాఫ్ మందు డాబ్రాఫెనిబ్‌కు మెక్ మందు ట్రామెటినిబ్ కలిపితే అది 11 నెలల దాకా సాగింది. అయిదేళ్లకు జబ్బు ముదరకుండా మిగిలింది 19 శాతం మందే.

2013లో నేచర్‌లో వచ్చిన ఎలుకల పని చూడండి. రోగి గడ్డ ముక్కను ఎలుకల్లో పెంచి వెమురాఫెనిబ్ ఇచ్చారు. మందుకు లొంగని గడ్డల్లో బీరాఫ్ ప్రొటీనే విపరీతంగా పెరిగి ఉంది. అలాంటి గడ్డకు మందు ఆపేస్తే అడ్డు లేక ఎర్క్ హద్దు మీరి ఎగసింది, గడ్డ కుంచించుకుపోయింది. నాలుగు వారాలు మందు, రెండు వారాలు విరామం ఇచ్చిన ఎలుకల్లో 200 రోజుల దాకా రెసిస్టెన్స్ (మందుకు లొంగకపోవడం) రాలేదు. ఎర్క్ ఎక్కువైనా కణం ఎలా చస్తుందో 2017లో మరో బృందం చూపించింది: ఎర్క్2, జన్‌బీ, ఫ్రా1 వరసలో కబురు నడుస్తుంది, మెలనోసైటు (చర్మపు రంగు కణం) లక్షణాలను నిలిపే ఎంఐటీఎఫ్ ప్రొటీన్ పడిపోతుంది. యంత్రాంగం ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు ఒక్క ట్రయల్ చూసి వదిలేయడం ఎందుకు?

సంభావ్యత

పిపెట్ గారూ, ఆ ఒక్క ట్రయల్ అంకెలు కూడా ఇక్కడ పెడితే బాగుండేది. 242 మందికి మొదట ఎనిమిది వారాలు డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ రోజూ ఇచ్చారు. జబ్బు ముదరని 206 మందిని రెండు గుంపులు చేశారు. 105 మందికి మందు నిత్యం, 101 మందికి మూడు వారాలు ఆపి అయిదు వారాలు ఇచ్చే పద్ధతి. అప్పటి నుంచి లెక్కిస్తే జబ్బు ముదరని మీడియన్ కాలం నిత్యం వాడినవారిలో 9.0 నెలలు, విరామం ఇచ్చినవారిలో 5.5 నెలలు. పి విలువ (అసలు తేడా లేకున్నా యాదృచ్ఛికంగా ఇంత తేడా కనబడే అవకాశం) 0.064. ముందుగా పెట్టుకున్న ఆల్ఫా, అంటే తేడాను ఒప్పుకోవడానికి పి విలువ ఉండాల్సిన హద్దు, 0.2. అంత ఆల్ఫా అంటే గేటు బార్లా తెరిచిపెట్టినట్టే. దాన్ని దాటి లోపలికి వచ్చింది విరామం కాదు, దాని ప్రత్యర్థి.

మొత్తం బతికిన కాలం రెండు గుంపుల్లోనూ 29.2 నెలలే కదా, నష్టమేముంది అని ఎవరో ఒకరు అంటారు. జబ్బు ముదిరాక రోగులు వేరే చికిత్సలకు మారతారు కాబట్టి ఆ సమానత్వాన్ని విరామం ఖాతాలో వేయలేం.

అర్ధాయువు

ట్రయల్ అంకెలతో పేచీ లేదు. అది దేన్ని పరీక్షించింది అన్నదే నా ప్రశ్న.

డాబ్రాఫెనిబ్ 150 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు. అర్ధాయువు (రక్తంలో మందు సగానికి తగ్గే కాలం) సుమారు 8 గంటలు కాబట్టి ఆపిన రెండు రోజుల్లో దాదాపు ఖాళీ. ట్రామెటినిబ్ 2 మిల్లీగ్రాములు రోజుకు ఒకసారి. దాని అర్ధాయువు అయిదు రోజులకు కాస్త పైన. లెక్క వేసుకోండి: ఆపిన వారానికి రక్తంలో ఇంకా 40 శాతం, రెండు వారాలకు 16 శాతం, మూడు వారాల చివర 6 శాతం. బీరాఫ్ మీద పట్టు రెండు రోజుల్లో వదిలింది, మెక్ మీద పట్టు మాత్రం మూడు వారాల పాటు నెమ్మదిగా సడలింది. మందుకు అలవాటుపడ్డ కణాన్ని చంపేది ఎర్క్ ఒక్కసారిగా ఎగయడం. మెక్ దగ్గర తలుపు సగం మూసి ఉంటే ఎర్క్ ఎగయలేదు, మెల్లగా పెరుగుతుంది. ఆలోగా కణం సర్దుకుంటుంది. ఎలుకలకు ఇచ్చింది వెమురాఫెనిబ్ ఒక్కటే, ఇలాంటి తోక లేదు.

మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఇదే గొడవ తిరగబడుతుంది. ట్రామెటినిబ్ నిలకడ స్థాయికి చేరడానికి రెండు వారాలు పడుతుంది. అంటే అయిదు వారాల మందులో మొదటి రెండు వారాలు మెక్ మీద పట్టు అరకొరే. ఎనిమిది వారాల చక్రంలో పూర్తి పట్టు మూడు వారాలు. మందుకు లొంగే కణాలు కూడా పెరగడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఏముంటుంది?

ఫాస్ఫో

ఇద్దరూ ఒక సంగతి దాటేశారు. మందుకు బానిసవడం, అంటే మందు ఆపితే కణం దెబ్బతినే స్థితి, అన్ని రెసిస్టెంట్ కణాల లక్షణం కాదు. బీరాఫ్ జీన్ కాపీలు పెరిగినవి, ఎన్‌రాస్ మ్యుటేషన్ తెచ్చుకున్నవి, స్ప్లైసింగ్ (ఆర్ఎన్ఏ ముక్కలు అతికే తీరు) మారి పొట్టి బీరాఫ్ తయారుచేసుకున్నవి తిరిగి ఎర్క్ దారినే పడతాయి. మందు ఆపితే కష్టపడేది ఇవే, అన్నీ ఒకే స్థాయిలో కాకపోయినా. కానీ ఎంఐటీఎఫ్ తగ్గి, ఏఎక్స్ఎల్, ఈజీఎఫ్ఆర్ అనే రిసెప్టర్లు పెరిగి, మెలనోసైటు లక్షణాలే వదిలేసిన కణాలు ఎర్క్ మీద అంతగా ఆధారపడవు. వాటిలో మందు ఆపగానే పెరుగుదల ఊపందుకునేవీ ఉంటాయి. ఒకే రోగిలో కాలేయపు గడ్డది ఒక దారి, ఊపిరితిత్తి గడ్డది మరో దారి. ఎలుకలో ఉన్నది ఒక గడ్డ, ఒక దారి.

ల్యాబులో బానిసత్వం చూశామని చెప్పేవారి ప్రయోగాలు కూడా సగం నమ్మడానికి వీల్లేకుండా ఉంటాయి. ఏ375 అనే మెలనోమా కణాలను 10 శాతం సీరంలో 0.1 మైక్రోమోలార్ వెమురాఫెనిబ్‌తో మొదలుపెట్టి, విభజన మళ్లీ అందుకున్నాక రెట్టింపు చేస్తూ 2 మైక్రోమోలార్ దాకా తేవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మందును కరిగించే డీఎంఎస్ఓ 0.1 శాతం దాటకూడదు. ఇక్కడిదాకా అందరూ సరిగానే చేస్తారు. తప్పు జరిగేది మందు కడిగేటప్పుడు. పీబీఎస్ అనే ఉప్పు బఫర్‌తో మూడుసార్లు కడిగినా ప్లాస్టిక్‌కు అంటిన మందు తిరిగి మీడియంలోకి వస్తుంది, అందుకే కణాలను కొత్త ప్లేటుకు మార్చాలి. అయితే కణాలను ప్లేటు నుంచి ఊడదీసే ట్రిప్సిన్, తాజా సీరం, పల్చగా పరచడం, ఈ మూడూ వాటంతట అవే ఎర్క్‌ను రేపుతాయి. కాబట్టి కంట్రోల్ కణాలను కూడా అలాగే కడిగి, అలాగే మార్చి, మందు మాత్రం తిరిగి వేయాలి. ఈ కంట్రోల్ లేని బ్లాట్ (ప్రొటీన్ పరీక్ష) చూసి ఎర్క్ ఎగసిందంటే ఎలా?

ఫాస్ఫో-ఎర్క్ (ఫాస్ఫేటు చేరి చురుకైన ఎర్క్) ఒక్కటే చూడకండి. అది నిమిషాల్లో మారుతుంది. 30 నిమిషాలు, 2, 24, 72 గంటల దగ్గర లైసేట్ (కణాలను చిట్లగొట్టిన ద్రవం) తీయండి, బఫర్‌లో ఫాస్ఫటేజ్ ఇన్హిబిటర్లు వేసి ఐస్ మీదే ఉంచండి. పక్కన డస్ప్6 జీన్ ఆర్ఎన్ఏ కొలవండి, ఎర్క్ నిజంగా పనిచేస్తోందో లేదో అది చెబుతుంది. కణాలు చచ్చాయా, ఊరికే ఆగాయా అన్నది తేలాలంటే పది రోజుల కాలనీ లెక్క తప్పదు.

ఓపీ డాక్టరు

> సంభావ్యత: రోగులు వేరే చికిత్సలకు మారతారు

దాన్ని ముందే చేయాలన్నది నా వాదన. డ్రీమ్‌సీక్ ట్రయల్‌లో నివోలుమాబ్, ఇపిలిముమాబ్ (ఇమ్యునోథెరపీ, అంటే రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి రేపే మందులు) ముందిచ్చి తర్వాత డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ మాత్రలకు మారిన వరసలో రెండేళ్లకు 71.8 శాతం మంది బతికి ఉన్నారు. మాత్రలు ముందిచ్చిన వరసలో 51.5 శాతం. కాబట్టి ఈ రోజు మాత్రలతోనే మొదలుపెట్టే రోగి ఎవరు? రక్తంలో ఎల్డీహెచ్ (జబ్బు భారాన్ని సూచించే ఎంజైమ్) బాగా పెరిగినవారు, కాలేయం నిండా గడ్డలున్నవారు, ఇమ్యునోథెరపీ పనిచేసేదాకా ఆగలేనివారు. అలాంటివారికి మూడు వారాలు మందు ఆపుదామని ఏ డాక్టరు అంటాడు?

జ్వరం వస్తే ఆపడం వేరు. డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ జంటతో సగానికి పైగా రోగులకు జ్వరం వస్తుంది. 38 డిగ్రీలు తాకితే రెండూ ఆపి, జ్వరం దిగి 24 గంటలు గడిచాక అదే మోతాదులో మళ్లీ మొదలుపెడతాం. అది రోజుల వ్యవహారం. దాన్ని ఈ చర్చలోకి లాగొద్దు.

ఇంకొకటి. మన దగ్గర మెలనోమాయే అరుదు. వచ్చేవాటిలో అరికాలు, గోటి కింద, లోపలి పొరల్లో పుట్టేవి ఎక్కువ. వాటిలో వీ600ఈ వాటా తక్కువ, కొన్నింటిలో కిట్ అనే మరో జీన్‌లో మ్యుటేషన్ ఉంటుంది. టెస్టు చేయకుండా ఈ మాత్రలు మొదలుపెడితే బీరాఫ్ మామూలుగా ఉన్న కణంలో అదే మందు రాఫ్ జంటలను రేపి ఎర్క్‌ను పెంచుతుంది. వెమురాఫెనిబ్ వాడినవారి చర్మం మీద స్క్వామస్ క్యాన్సర్లు వచ్చింది ఇందుకే. ఆ పుండ్లను పరీక్షిస్తే 35లో 21 నమూనాల్లో రాస్ మ్యుటేషన్ దొరికింది.

పిపెట్

డాక్టరు గారూ, మాత్రలే ముందివ్వాలని నేను అనలేదు. ఇమ్యునోథెరపీ విఫలమయ్యాక చేతిలో ఉండేవి ఈ మాత్రలే కదా, వాటిని ఎక్కువ కాలం ఎలా నిలబెట్టాలన్నదే ప్రశ్న. 2017లో లాన్సెట్ ఆంకాలజీలో వచ్చిన బెల్జియం అధ్యయనం ఉంది: బీరాఫ్ మందుకు ఎదురు తిరిగిన 25 మందికి కనీసం 12 వారాల విరామం తర్వాత అదే రకం మందులు మళ్లీ ఇస్తే 8 మందిలో గడ్డలు తగ్గాయి. రెసిస్టెన్స్ శాశ్వతమైతే ఇది జరగదు.

సంభావ్యత

12 వారాలు మందు లేకుండా బతికి, మళ్లీ మాత్రలు మింగే స్థితిలో ఉన్నవారినే తీసుకున్నారు. వేగంగా ముదిరినవారు ఆ వడపోతలోనే పోయారు. పైగా మళ్లీ మొదలుపెట్టాక జబ్బు ముదరని మీడియన్ కాలం 4.9 నెలలే. రెసిస్టెన్స్ కొంత వెనక్కి తగ్గుతుందని దీన్నిబట్టి ఒప్పుకుంటాను. ముందుగానే విరామాలిస్తే రెసిస్టెన్స్ రాదని మాత్రం ఇది చెప్పదు.

అర్ధాయువు

అయితే క్యాలెండర్ చూసి ఆపడం మానేసి, రక్తంలో తిరిగే ట్యూమర్ డీఎన్ఏ చూసి ఆపితే?

ఫాస్ఫో

అక్కడా లెక్క ఉంది. 10 మిల్లీలీటర్ల రక్తం నుంచి 4 మిల్లీలీటర్ల ప్లాస్మా వస్తుంది. మిల్లీలీటరుకు 5 నానోగ్రాముల డీఎన్ఏ అనుకుంటే మొత్తం 20 నానోగ్రాములు, అంటే సుమారు 6,000 జీనోమ్ కాపీలు. వీ600ఈ వాటా 0.1 శాతమైతే చేతిలో ఉన్నవి ఆరు కాపీలు. తీసే ప్రక్రియలో సగం పోతే మూడు. ఆ మూడింటిని నమ్ముకుని మందు ఆపుతారా? గడ్డకట్టకుండా మాత్రమే ఆపే మామూలు ఈడీటీఏ ట్యూబులో రక్తం గంటల తరబడి పడి ఉంటే తెల్లకణాలు చిట్లి మామూలు డీఎన్ఏ కలుస్తుంది, వాటా ఇంకా తగ్గుతుంది. వెంటనే సెంట్రిఫ్యూజ్ చేయలేకపోతే కణాలు చిట్లకుండా కాపాడే ట్యూబులే వాడాలి.

ఓపీ డాక్టరు

మెదడులోని గడ్డ ప్లాస్మాలోకి డీఎన్ఏ సరిగా వదలదు. మెలనోమా మెదడుకు చేరడం ఎంత మామూలో తెలిసిందే. రక్తం శుభ్రంగా ఉందని మందు ఆపి, నెల తర్వాత ఎంఆర్ఐలో చూసుకోవాల్సి వస్తుంది.

పిపెట్

సరే, నేను ఒప్పుకునే ట్రయల్ ఇది. మందు వాడుతుండగా జబ్బు ముదిరినవారు మాత్రమే. బయాప్సీలో బీరాఫ్ కాపీలు పెరిగాయని తేలాలి. వాడే జంట ఎంకోరాఫెనిబ్ (బీరాఫ్ మందు), బినిమెటినిబ్ (మెక్ మందు). రెండింటి అర్ధాయువూ 3.5 గంటలే, ట్రామెటినిబ్ తోక ఉండదు. ఆపిన మూడో రోజో నాలుగో రోజో రెండో బయాప్సీ తీసి ఫాస్ఫో-ఎర్క్, డస్ప్6 చూడాలి. ఎర్క్ ఎగయకపోతే ఆ రోగికి విరామం అక్కడితో రద్దు.

అర్ధాయువు

ఒక చిక్కు. రక్తంలో 3.5 గంటలే అయినా ఎంకోరాఫెనిబ్ బీరాఫ్‌ను పట్టుకుని వదలడానికి 30 గంటల పైనే పడుతుంది. బయాప్సీ అయిదో రోజు పెట్టండి.

సంభావ్యత

బీరాఫ్ మందుకు ఎదురు తిరిగిన రోగులను చూసిన 2012 అధ్యయనంలో బీరాఫ్ కాపీలు పెరిగింది 20 మందిలో నలుగురికి. ఆ లెక్కన 100 మంది కావాలంటే 500 మందికి బయాప్సీ చేయాలి, అదీ గడ్డ మీద గడ్డకు తేడా లేదనుకుంటే. ఇమ్యునోథెరపీ ముందొచ్చాక ఈ దశకు చేరేవారు ఇంకా తక్కువ. ఎన్ని దేశాలు కలిస్తే అంతమంది దొరుకుతారో చెప్పండి, అప్పుడు ఆల్ఫా ఎంత పెట్టాలో మాట్లాడుకుందాం.

ఓపీ డాక్టరు

దానికి ముందు విరామంలో ఎప్పుడు మందు మళ్లీ మొదలుపెట్టాలో రాసి పెట్టండి. ఎల్డీహెచ్ ఒకటిన్నర రెట్లు పెరిగితేనా, కొత్త లక్షణం కనబడితేనా, స్కాన్ దాకా ఆగాలా? ప్రొటోకాల్‌లో ఆ వాక్యం లేకపోతే ఏ ఎథిక్స్ కమిటీ దగ్గరా రెండో పేజీ దాటదు.