హోప్ ఐలాండ్ లోపలి ఒడ్డున జెట్టీ, కాటేజీలు: రావాలా, వద్దా?

లంగరుతాడు
కాకినాడకి ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్‌లో రిసార్టు కడతారన్న మాట ఏళ్ల తరబడి వస్తూ పోతూ ఉంది. వచ్చినప్పుడల్లా ఒకరు పర్యావరణం అంటారు, ఇంకొకరు ఉపాధి అంటారు. లంగరు వేసుకునే బోటు లెక్క మాత్రం ఎవరూ తీయరు. తూర్పు ఒడ్డు కెరటాల పాలు, పడమటి ఒడ్డు చెరువులా ఉంటుంది. ఆ చెరువే మనకి కావాల్సింది.

లెక్క ఇది. పాటుకి (నీరు తీసినప్పుడు) 2 మీటర్ల లోతు, పోటుకి ఇంకో ఒకటిన్నర, నీటి మీంచి అణియం (బోటు ముందు కొన) ఎత్తు అర మీటరు, మొత్తం 4. తాడు దానికి ఐదు రెట్లు అంటే 20 మీటర్లు, గాలి పుంజుకుంటే ఏడు రెట్లు, 28. తొమ్మిది మీటర్ల బోటు ఆ తాడు మీద తిరిగితే ఇంచుమించు 37 మీటర్ల వ్యాసార్థం కావాలి. జెట్టీ, దానికి వచ్చి తిరిగే టూరిస్టు బోట్లు కలిస్తే, పది బోట్లు ఆగే చోట మూడు ఆగుతాయి.

తాళ్లరేవు_సుత్తి
మీ చెరువు బాగుందండి. మరి దీవి మీది జాలరి పల్లె పుత్రయ్యపాకల్లో ఉండేవాళ్ల సంగతో? నిండు గర్భిణిని మోకాలి లోతు బురదలో దింపి బోటెక్కించాలా? జెట్టీ అనగానే కాంక్రీటు స్తంభాలే అనుకోకండి. తేలే డబ్బాలుంటాయి, ఒక్కోటి 50 × 50 సెంటీమీటర్లు, ఎత్తు 40. చదరపు మీటరుకి నాలుగు, సుమారు 350 కిలోలు మోస్తాయి. 2 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవుకి 320 డబ్బాలు. పిన్నులు లాగితే విడిపోతాయి.

పర్రనేల
నీళ్లున్నప్పుడు తేలతాయి సరే, పాటుకి? ఒడ్డు వైపు సగం బురద మీద కూర్చుంటుంది, బయటి సగం నీటిలో ఊగుతుంది. ఆ రెండూ కలిసే వరుసలోనే పిన్నులు తెగుతాయి. గుల్ల పట్టిన డబ్బాలు నెలనెలకీ బరువెక్కి కిందికి దిగుతాయి, ఒడ్డుకి లాగి గీకాల్సిందే.

అది తప్పించాలంటే లోతున్న చోటికి పొడిగించాలి, లేదా ఒడ్డు దగ్గర తవ్వాలి. అసలు గొడవ తవ్వకంతోనే. ఈ దిబ్బ గోదావరి తెచ్చిన ఇసుకతో ఇంచుమించు రెండు వందల ఏళ్లలో ఉత్తరానికి సాగుతూ పెరిగింది. లోపలి బేలోకి కోరింగ, గాడేరు పాయల మెత్తటి ఒండ్రు వస్తుంది. అలలు లేని చోటే ఒండ్రు దిగుతుంది కాబట్టి, లంగరుకి ఏది మంచిదో బురదకీ అదే మంచిది. కాలువ తవ్వితే వరదల కాలం దాటేసరికి మళ్లీ పూడుతుంది, మళ్లీ తవ్వాలి. తవ్విన బురద ఎక్కడ పోస్తారు? మడ మొక్కల గాలివేళ్ల మీద పోస్తే ఊపిరాడక చస్తాయి.

ఇసుకగుంట
కాటేజీల గురించి ఒక్క మాట. "తాబేళ్లు గుడ్లు పెట్టేది తూర్పు ఒడ్డునే కదా, మేం కట్టేది పడమట" అనేవాళ్లకి. గుడ్ల నుంచి వచ్చిన పిల్ల వెలుతురున్న దిక్కుకే నడుస్తుంది. ఇప్పటికే పడమట కాకినాడ వెలుగు ఉంది, దానికి తోడు దిబ్బ మీదే దీపాలు పెడితే సముద్రానికి వీపు తిప్పేస్తుంది. గుంటకి నూరు పైచిలుకు గుడ్లు, పొదగడానికి 45 నుంచి 60 రోజులు. వంటిల్లు పెడితే ఎంగిలి వస్తుంది, ఎంగిలి వెంట కుక్క వస్తుంది. దీపమైనా ఆర్పగలం గానీ కుక్కని దీవి నుంచి వెళ్లగొట్టడం ఎవరి తరం కాదు.

తాళ్లరేవు_సుత్తి
2019 సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ) నోటిఫికేషన్‌లో మడ నడకదారులు, చెట్టు గుడిసెలు ఒప్పుకున్నారు.

ఇసుకగుంట
ఒప్పుకున్నది ఆమోదం పొందిన తీర ప్రణాళికలో గుర్తించిన చోట్లలోనే. తాబేళ్లు గుడ్లు పెట్టే నేల, మడ, ఇసుక తిన్నెలు అదే నోటిఫికేషన్‌లో ఒకటి-ఏ, అంటే అన్నిటికన్నా సున్నితమైన తరగతి కింద ఉన్నాయి. ఏసీ గదిని చెట్టు గుడిసె అంటే చెల్లదు.

చెలమనీళ్లు
నీళ్ల మాట ఎవరూ ఎత్తలేదు. మనిషికి పట్టణాల లెక్కన 135 లీటర్లు, 40 మంచాలకి రోజుకి 5400. ఇసుక దిబ్బ కింద మంచినీరు ఉప్పునీటి మీద తేలే పొర మాత్రమే. సముద్ర మట్టానికి పైన ప్రతి 1 సెంటీమీటరు మంచినీటికీ కింద దాదాపు 40 సెంటీమీటర్ల మంచినీరు ఉంటుంది. మోటారు పెట్టి మట్టం 10 సెంటీమీటర్లు దించితే, కాలక్రమేణా ఉప్పు 4 మీటర్లు పైకి వస్తుంది. పాకల వాళ్ల చెలమలు ముందు పోతాయి. మరుగుదొడ్ల గుంత కూడా అదే ఇసుకలో!

లంగరుతాడు
సరే, కాటేజీలు పక్కన పెడదాం. బోట్లకి జెట్టీ బదులు మూరింగ్ బోయాలు (అడుగున దిమ్మకి గొలుసుతో కట్టిన, బోటు కట్టుకునే తేలే బుడ్లు) వేస్తే? తాడు నిలువుకి దగ్గరగా ఉంటుంది, తిరిగే వలయం సగానికి తగ్గుతుంది. 1 టన్ను కాంక్రీటు దిమ్మ నీటిలో 570 కిలోల బరువే చూపిస్తుంది, అయినా బురదలో దిగబడితే పట్టు పెరుగుతుంది. గొలుసు అడుగుకి రాసుకునే చోట అరుగుతుంది. ఏటా వేట నిషేధం 61 రోజుల్లో పైకి తీసి, అరిగిన లింకులు మార్చాలి.

పర్రనేల
బోయా వేశాక దానికి నంబరు పడుతుంది, ఆ తర్వాత రుసుము. రుసుము కట్టలేని ఫైబర్ బోటు ఎక్కడ ఆగాలి? గాలివానకి ఇక్కడ తలదాచుకునేది వాళ్లే. బే ఉత్తరానికి తెరిచి ఉంది, ఈశాన్యపు గాలి ముదిరితే దిబ్బ కొస దగ్గర నిలవలేరు, లోపలికి జరగాల్సిందే. ఆ లోపలి చోటే మీరు బోయాలతో నింపుతానంటున్నారు. వేట బోట్లకి రుసుము లేదని ముందే రాస్తేనే నాకు సమ్మతం.

తాళ్లరేవు_సుత్తి
రాద్దాం. నా తేలే జెట్టీ కూడా పాకల వాళ్లకి మాత్రమే, 40 కాదు 15 మీటర్లు, పోటు మీద వాడుకునేది. తుఫానుకి విప్పి కోరింగ పాయలో కట్టేస్తే సరి.

పర్రనేల
ఎప్పుడు విప్పుతారు? 1996 నవంబరు 6 తుఫాను చూసిన తీరం ఇది. రేవులో ఒకటో నంబరు తుఫాను హెచ్చరిక ఎగరేసిన రోజే విప్పాలి. మూడో నంబరు దాకా ఆగితే లాగడానికి బోటే దొరకదు, అన్నీ అప్పటికే ఉప్పుటేరులో దూరి ఉంటాయి. వదిలేస్తే ఆ డబ్బాలే కెరటంతో వచ్చి పాకల గోడల్ని కొడతాయి.

లంగరుతాడు
సుత్తిగారూ, విప్పే మనుషుల కూలి, లాగే బోటు డీజిలు టెండరులో ఏ పద్దు కింద రాస్తారో చూపించండి. ఆ పద్దు ఉంటే 15 మీటర్లకి నా ఓటు.