ఎలా, ఎట్లా, ఎట్టా: పాటలో ఏది ఎక్కడ కూర్చుంటుంది?

కందుకూరు: సినిమా పాటల్లో హీరో పక్కా సిటీ కుర్రాడైనా ఉన్నట్టుండి "ఎట్టా" అంటాడు. పాట అయిపోగానే మళ్లీ "ఎలా"లోకి వచ్చేస్తాడు. పాటకు మన నెల్లూరు, ప్రకాశం వైపు మాట అంతగా ఎందుకు అంటుకుంది? ట్యూన్ కోసమా, మాస్ అనిపించుకోడానికా?

నాయుడుపేట: రెండూనూ, కాకపోతే ముందు ట్యూన్. లఘువుకు 1 మాత్ర, గురువుకు 2 అని లెక్కేసుకోండి. "ఎలా"లో ఎ లఘువు, లా గురువు, మొత్తం 3. "ఎట్టా"లో ద్విత్వానికి ముందున్న ఎ గురువైపోతుంది, టా ఎటూ గురువే, మొత్తం 4. "ఎట్లా" కూడా 4. "ఎట్ట" అని కుదిస్తే 3 మాత్రలే, కానీ బరువు ముందుకొస్తుంది. ట్యూన్ "తానా" అని వస్తే ఎట్టా, "తనా" అని వస్తే ఎలా, "తాన" అని వస్తే ఎట్ట. చతురశ్రంలో, అంటే నాలుగు మాత్రల నడకలో చూపించడానికి ఇప్పుడే అల్లిన ముక్క ఇది:

ఎట్టా | చెప్పే | దిట్టా | ఉంటే

ఒక్కో గుంపుకు 4 మాత్రలు. ఇందులో "ఎట్టా"ను "ఎలా" అని, "చెప్పేది ఇట్టా"లోని "ఇట్టా"ను "ఇలా" అని మార్చండి. మొదటి గుంపులోనూ మూడో గుంపులోనూ ఒక్కో మాత్ర తరుగు పడుతుంది. గాయకుడు "లా"ను సాగదీసుకుంటే చెల్లిపోతుంది. స్వరం మొదటి అక్షరం మీదే నిలబడిందా, ఎ కాస్తా సాగి "ఏలా" అవుతుంది. ఏల అంటే ఎందుకు అని కదా, అడిగిన ప్రశ్నే మారిపోయింది.

ఒంగోలు: లెక్క బాగుంది సార్, ప్రాస వదిలేశారు. "ట్ట" ప్రాసకు మాటలు కొల్లలు: చుట్టం, కట్టె, గట్టు, చెట్టు, పట్టు, తిట్టు, బుట్ట. "ట్ల"కు వెతుక్కోవాలి, పది లైన్లు లాగలేం. ఇంకో సౌకర్యం కూడా ఉంది. ఎట్టా, ఇట్టా అంటే ఎ, ఇ యతి మైత్రి ఉన్న అక్షరాలు కాబట్టి యతి కుదురుతుంది. ఎట్టా, అట్టా అంటే యతి తప్పుతుంది, కానీ రెండో అక్షరం ఒకటే, మొదటిది రెండింట్లోనూ గురువే, కాబట్టి ప్రాసయతి కింద చెల్లుబాటు. ఆటవెలదికీ తేటగీతికీ పనికొచ్చిన వెసులుబాటు ఐటమ్ సాంగుకు పనికిరాదా?

గూడూరు: పాటోళ్లు నయమబ్బా, మాట బరువన్నా తెలుసు. సీరియళ్లు రాసేవాళ్ల సంగతి చూడండి. వంటమనిషికీ విలన్ ఎనక తిరిగేవోడికీ "ఎట్టా" ఇస్తారు, హీరోయినుకి "ఎలా". పోనీ ఇచ్చింది సరిగ్గా ఇస్తారా అంటే, "ఎట్టా వెళ్తున్నావు" అనిపిస్తారు! నెల్లూర్లో ఎవురన్నా అట్టంటారా? "ఎట్టా పోతుండావు" అంటారు. ఉండాడు, ఉండాది, వస్తుండా, ఇదీ లెక్క. ప్రశ్నమాట మార్చి క్రియ పేపరు భాషలో వొదిలేస్తే అది యాస కాదు, తిరగమోత.

ఒంగోలు: గూడూరన్నా, అది మీ వైపు. మా దగ్గర "పోతన్నావు", "ఉన్నాడు". మీది "ఉంటాది", మాది "ఉంటది". ఎట్టా ఒక్కటే ఇద్దరికీ ఉమ్మడి. ప్రకాశం అంతా ఒకటే మాట్లాడుతుందనుకుని రాసినా తప్పే. 1970లో జిల్లా ఏర్పడ్డప్పుడు ఒంగోలు, అద్దంకి, చీరాల గుంటూరు నుంచి వచ్చాయి. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి. పాత్రది ఏ ఊరో ముందు తేల్చుకుని క్రియ ఎంచుకోవాలి.

నాయుడుపేట: అందుకే బ్లాక్ అండ్ వైట్ సినిమాల్లో హాస్యనటుడు రమణారెడ్డి మాట ఇప్పటికీ అతికినట్టుంటుంది. ఆయనది నెల్లూరే, క్రియా కాకువూ (గొంతు విరుపు) కలిసే వచ్చేవి. అప్పట్లో అదే జిల్లాలో ఉన్న సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టిన పాటల రచయిత ఆత్రేయ పేరు చెబితే మాత్రం యాస గుర్తురాదు, తేలిక మాటే గుర్తొస్తుంది.

కావలి: డబ్బింగులో తిప్పలు వేరు. ప, బ, మ పలికితే పెదాలు మూతపడాలి. షూటింగులో నటుడు "వెళ్తున్నావు" అన్నాడు, డబ్బింగులో యాస కావాలని "పోతుండావు" చేశారనుకోండి, క్లోజప్‌లో నోరు తెరిచే ఉంటుంది, "పో" వినపడుతుంది. అక్కడ ప, బ, మ లేని మాట వెతకాలి, లేదా మొహం కనపడని షాట్‌లో ఆ డైలాగు పెట్టాలి. "ఎక్కడికి" 5 మాత్రలు, "యాడికి" 4. మాట అయిపోయాక కూడా పెదాలు ఆడుతుంటే చివర "అన్నా" అని పిలుపు చేర్చి సరిపెట్టుకోవచ్చు. అన్నిటికన్నా మేలు, షూటింగుకు ముందే యాసలో రాసుకోవడం.

కందుకూరు: టీవీ పోటీల్లో పిల్లలు "ఎట్టా" పాడితే గొంతు బాగున్నా ఊపు రాదెందుకు?

నాయుడుపేట: అసలు కీలకం అక్కడుంది. లకారాన్ని సాగదీసి పాడొచ్చు, టకారాన్ని పాడలేం. "ఎట్టా"లో మొదటి గురువుకున్న 2 మాత్రల్లో సుమారు ఒకటి ఎకారం, రెండోది నాలుక అంగిలికి ఆనిన నిశ్శబ్దం. ఆ ఖాళీలో డప్పు దెబ్బ పడుతుంది. డాన్సు పాటకు "ఎట్టా" ఇష్టం కావడానికి, మెలోడీకి "ఎలా" ఇష్టం కావడానికి మాత్రల కన్నా ఇదే పెద్ద కారణమని నా లెక్క. పిల్లలేమో ఎకారాన్ని రెండో మాత్ర దాకా లాగి, ఒక్క టకారాన్ని మెత్తగా తాకి వదిలేస్తారు, "ఏటా" అని వినపడుతుంది. ఏడాదికోసారి అన్నమాట! జడ్జీలు శ్రుతి తప్పితే పట్టుకుంటారు, అక్షరం జారితే చప్పట్లు కొడతారు. 1996లో ఈటీవీలో మొదలైన పాడుతా తీయగాలో బాలు గారు ఉచ్చారణ దగ్గర పిల్లల్ని ఆపి దిద్దేవారు. ఆయనా నెల్లూరు వారే, పట్టింపు ఉండదా మరి.

సాధన సులువే. మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టి, ఒక్కో దెబ్బకు ఒక్కో మాత్ర చొప్పున పాట వదిలేసి మాట మాత్రమే పలకాలి: ఎ, ఖాళీ, టా, టా సాగింపు. ఖాళీ దెబ్బలో గొంతు పలకకూడదు, గాలి వదలకూడదు, నాలుక కిందికి దిగకూడదు. అది కుదిరాక 90కి పెంచి స్వరం చేర్చాలి.

గూడూరు: మా వోళ్లకి మెట్రోనోమ్ అక్కర్లేదులేబ్బా, అట్టే వొచ్చేస్తాది.

ఒంగోలు: మాట్లాడేటప్పుడు వచ్చేస్తది. మైకు ముందు "యెట్టా" అని యకారం కలుస్తుంది, దాన్నీ చూసుకోండి. మాస్ పాటలో ముద్దుగానే ఉంటది, నెమ్మది పాటలో దీర్ఘ స్వరం మీద పడితే "య్యే" అని సాగి చెవికి గుచ్చుకుంటది.