‘మొక్కై వంగనిది మానై వంగునా’లో మొక్క ఎంతవరకు మొక్క?

శ్రీకాకుళం: గుంటల (పిల్లల) పెంపకం గురించి చెప్పి చెప్పి, ఈ సామెతలో ఉన్న చెట్టును మనం మర్చిపోయాం. మొదటిసారి బోన్సాయ్ (కుండీలో చిన్నగా పెంచే చెట్టు) పెంచబోయేవాళ్లకు ఇంతకంటే పనికొచ్చే తెలుగు వాక్యం నాకు కనపడలేదు. రెండు సందేహాలున్నాయి. చెట్టు ఏ దశ వరకు మొక్క, ఎక్కడినుంచి మాను? ‘వంచగలమా’ అనకుండా ‘వంగునా’ అని ఎందుకన్నారు? మాట తెలిసినవాళ్లూ, చెట్టు తెలిసినవాళ్లూ ఇద్దరూ చెప్పండి.

బొబ్బిలి: ముందు మాట సంగతి. మాను పాత రూపం మ్రాను. మ్రింగు మింగు అయినట్టు, మ్రోగు మోగు అయినట్టు ఇదీ మారింది. మాను అంటే చెట్టు, చెట్టు మొండెం, కొట్టిన దుంగ కూడా. మా ఊరి వీణ పనస మానులోంచే వస్తుంది. ఏకాండి వీణకైతే కుండ, దండి అంతా ఒకే దుంగలో తొలుస్తారు. అక్కడ ఎవరూ మానును వంచాలని చూడరు, తొలుస్తారు. కాబట్టి సామెతలో మాను అంటే లోపల చేవ పట్టిన కర్ర అని నా లెక్క. వయసుతో దానికి పని లేదు. కుండీలో పదేళ్లున్న మర్రికి కూడా నిరుడు వేసిన రెమ్మ ఉంటుంది. ఆ రెమ్మ ఇంకా మొక్కే.

చీపురుపల్లి: బొబ్బిలివారి మాటే చెట్టు దగ్గరా నిజం. వేలితో మెల్లగా నొక్కితే స్ప్రింగులా లేచి వచ్చేది మొక్క. నొక్కితే కదలనిది, లేదా చిటపటమనేది మాను. చింతలో ఈ తేడా త్వరగా వస్తుంది. రెమ్మ ఆకుపచ్చ నుంచి గోధుమరంగుకు తిరిగే వేళ వంచాలి. అది దాటితే పుటుక్కున విరుగుతుంది. ఫైకస్ జాతులు, అంటే మర్రి, జువ్వి వగైరా, చాలాకాలం ఓర్చుకుంటాయి. మొదటి చెట్టుగా చిన్న ఆకుల ఫైకస్‌నే తీసుకోమనేది అందుకే. రావి కొందామనుకుంటారు చాలామంది, కానీ ఆకూ తొడిమా పొడుగు. చిన్న కుండీలో ఆ పొందిక కుదరడం కష్టం. కొండ ప్రాంతాల జూనిపర్ మన తీరపు ఉక్కపోతలో నిలవదు, బొమ్మ చూసి కొనకండి.

శ్రీకాకుళం: మరి వంగు, వంచు?

బొబ్బిలి: తెలుగులో ఇవి జంటలు. దిగు, దించు. మునుగు, ముంచు. తెగు, తెంచు. విరుగు, విరుచు. మొదటిది తనంతట జరిగేది, రెండోది మనం చేసేది. సామెత మొదటిదాన్నే ఎంచుకుంది. వంచడం మన చేతిలో ఉంది, వంగడం చెట్టుది.

చీపురుపల్లి: ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదండీ. తీగ చుట్టి వంచిన రోజున కొమ్మ ఇంకా వంగలేదు. తీగ దాన్ని అలా పట్టుకుని ఉందంతే, విప్పితే లేచిపోతుంది. బెరడు కింద సన్నటి పొర ఒకటుంటుంది. అది వారాల తరబడి కొత్త చెక్క వేస్తుంది. ఆ కొత్త చెక్క వంపులోనే పుడుతుంది కాబట్టి వంపు నిలుస్తుంది. ఎదుగుదల లేని కాలంలో ఎన్నాళ్లు కట్టినా ఫలితం తక్కువ.

పలాస: తీగ ఎలా చుట్టాలో కూడా రాయండి మాస్టారూ. అందరూ తప్పేది అక్కడే.

చీపురుపల్లి: అల్యూమినియం తీగ, కొమ్మ మందంలో సుమారు మూడో వంతు. 6 మిల్లీమీటర్ల కొమ్మకు 2 మిల్లీమీటర్ల తీగ. పొడవు కొమ్మ కంటే మూడో వంతు ఎక్కువ. ఇనుప తీగ తుప్పు పట్టి మరక వేస్తుంది, వద్దు. ముందురోజు నీళ్లు తగ్గిస్తే రెమ్మ కొంచెం మెత్తబడుతుంది. తీగ మొదలు ఊరికే వదిలేయకూడదు, మాను చుట్టూ ఒకటిన్నర చుట్టు వేసి, లేదా పక్క కొమ్మతో జతచేసి కదలకుండా చేయాలి. తర్వాత 45 డిగ్రీల వాలులో, బెరడుకు ఆనేలా, నొక్కకుండా చుట్టాలి. వంపు వచ్చే చోట తీగ బయటివైపున ఉండాలి, ఎందుకంటే బెరడు చీలేది అటువైపే. రెండు బొటనవేళ్లూ వంపు లోపల ఆన్చి మెల్లగా వంచండి. ‘చిట్’ అంటే ఆగండి. ఆ రోజుకు అంతే.

వానాకాలంలో ఫైకస్ బలిసే వేగం ఎక్కువ. మూడో వారం నుంచి వారానికోసారి చూడాలి. తీగ బెరడులో దిగుతుంటే వెంటనే తీసేయాలి, వంపు నిలవకపోతే మళ్లీ చుట్టొచ్చు. ఆ గాడి పడితే ఏళ్ల తరబడి పోదు. తీసేటప్పుడు విప్పొద్దు. చుట్టు చుట్టునా కటింగ్ ప్లేయర్‌తో ముక్కలు చేయాలి. విప్పబోతేనే చిగుళ్లు ఊడతాయి.

రాజాం: బోన్సాయ్‌కి ‘మరుగుజ్జు చెట్టు’ అనే అనువాదం నాకు మింగుడుపడదు. జపనీస్‌లో బోన్ అంటే లోతు తక్కువ పళ్లెం, సాయ్ అంటే నాటడం. అంటే పళ్లెంలో నాటింది. అది పొట్టి జాతి కాదు, నేలలో పెడితే ఊడలు దింపే మర్రే. మరుగుజ్జు అనేసరికి కొత్తవాళ్లు తిండి తగ్గించాలనుకుంటారు. ఎరువు మానేస్తారు, నీళ్లు చుక్కలు చుక్కలుగా పోస్తారు. చెట్టు చిన్నగా ఉండేది ఆకలివల్ల కాదు, కొనలు తుంచడంవల్ల, వేర్లు కత్తిరించడంవల్ల. నా ఓటు ‘పళ్లెం చెట్టు’కు.

పలాస: పళ్లెం చెట్టు బాగుంది. నీళ్లకు గడియారం కుదరదు, వేలు అంగుళం దూర్చి చూడాలి. పొడిగా తగిలితే అడుగు కన్నాల్లోంచి కారేదాకా పోయాలి. మే నెలలో రెండుపూటలా పడుతుంది. వానలు ముసురు పట్టినప్పుడు కుండీ ఒక వైపు ఇటుక పెట్టి వాలిస్తే నీరు నిలవదు. మట్టి మాత్రం మామూలు తోట మట్టి కాదు. 2 వంతులు ఇటుక ముక్క (ఆవగింజ కంటే పెద్దది, సెనగ గింజ కంటే చిన్నది), 1 వంతు గరుకు ఏటి ఇసుక, 1 వంతు బాగా చివికిన ఆకు ఎరువు. ఇటుక పొడి జల్లించి పారేయాలి, అదే అడుక్కి చేరి బురదై వేరు కుళ్లిస్తుంది. కళింగపట్నం వైపు సముద్రపు ఇసుక దొరుకుతుంది కదా అని వాడకండి, ఉప్పు. నాగావళి ఇసుక కడిగి వాడొచ్చు.

అక్టోబరులో మరో మాట. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా పలాస దగ్గరే తీరం దాటింది. గాలి హెచ్చరిక రాగానే పిట్టగోడ మీది కుండీలన్నీ నేల మీదికి దించాలి.

శ్రీకాకుళం: నర్సరీలో ఎంచేటప్పుడు చూడాల్సింది?

రాజాం: కొమ్మలకంటే ముందు కుదురు చూడండి. పైమట్టి రెండు వేళ్ల మందం తోసి, వేర్లు చుట్టూ సమంగా పరుచుకున్నాయో లేదో చూడాలి. ఒకే వైపు వేరుంటే సరిచేయడానికి ఏళ్లు పడుతుంది. మొదలు బొటనవేలంత, పైకి పోయేకొద్దీ సన్నమయ్యేది, అంటు కట్టిన బుడిపె లేనిది. ఆకుల కింద తెల్లటి పిండినల్లి ఉంటే వదిలేయండి. గులకరాళ్లు జిగురుతో అతికించినదాన్ని అసలు ముట్టొద్దు, నీరు లోపలికి దిగదు.

విజయనగరం: కొన్న రోజే కుండీ మార్చి, కొమ్మలు కత్తిరించి, తీగ చుట్టడం పెద్ద పొరపాటు. ఒక్కో పనికి మధ్య కనీసం నెల గడువివ్వాలి. ఫైకస్ వేర్లు జూన్, జులైలో తీయడం మంచిది. మూడో వంతుకు మించి కోయొద్దు. తర్వాత రెండు మూడు వారాలు నీడపట్టున, ఎరువు నెల దాటాక. ఒక చిన్న సంగతి: మర్రి కొమ్మ కోస్తే పాలు కారతాయి. తడిగుడ్డతో అద్దండి, కంట్లో పడనీయకండి.

బొబ్బిలి: ‘కుదురు’ అన్నారు చూశారా. వేర్లు చెట్టు మొదలు చుట్టూ పరుచుకోవడానికి జపనీయుల మాట నెబారి. మనకు కుదురు ఉండనే ఉంది, కుదురుగా నిలబడు అన్నప్పుడు వినిపించేదీ ఆ కుదురే. కణుపు, పంగ, మోడు, ఊడ, పీచు వేరు, తల్లి వేరు... ఈ పనికి కావాల్సిన మాటలన్నీ రైతుల నోట ఉన్నవే. ఇంకెవరికైనా తట్టినవి కింద రాయండి. తల్లి వేరు కోసి పీచు వేర్లు పెంచడానికి మీ వైపు ఏమంటారో నాకు కావాలి.