గుమ్మం మీద "ప్లవ నామ సం." అని చెక్కి ఉంది, మా మండువా ఇల్లు ఎవరు కట్టించారో తెలుసుకోవడం ఎలా?

కొబ్బరితోట:
అందరికీ నమస్కారమండి. మాది అంబాజీపేట దగ్గర ఊరు. మా తాతగారి మండువా ఇల్లు, నాలుగు పక్కలా సావిళ్లు, టేకు స్తంభాలు, పైన మంగుళూరు పెంకు, 96 తుపానుకి ఒక పక్క పెంకంతా లేచిపోయినా గోడలు చెక్కుచెదరలేదంటారు నాన్న. మొన్న రంగులేయిద్దామని వీధిగుమ్మం మీద పాత పెయింటు గీకిస్తుంటే పై చెక్క మీద "ప్లవ నామ సం. వైశాఖ శు. 10" అని చెక్కిన అక్షరాలు బయటపడ్డాయి. మామ్మేమో మా ముత్తాతగారు కట్టించారంటుంది, పెదనాన్న మాత్రం కాదురా, ఎవరిదో బాకీ కింద మనకొచ్చిందంటారు. మా దగ్గరున్న కాయితాల్లో పాతది 1938 పంపకాల దస్తావేజు, అందులో ఇల్లు పిత్రార్జితం అని ఉందంతే. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తోంది, అంతకు ముందుది ఎక్కడ వెతకాలండి? మామ్మ ఉండగానే తెలుసుకోవాలని ఉంది.

గోదారిగట్టు:
ప్లవ అంటే 1841, 1901, 1961, 2021. మీ దస్తావేజు 1938ది కాబట్టి 61 కాదు. 1841 కూడా నాకు నమ్మకం లేదండి, ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో, కాలవలొచ్చి పంటలు నిలబడ్డాకే మన వైపు ఇలాంటి లోగిళ్లు కట్టే స్తోమత వచ్చిందని నా అభిప్రాయం. 1901 అనుకోవచ్చు. కాకపోతే ఒకటి, టేకు గుమ్మాలు ఒక ఇల్లు విప్పితే ఇంకో ఇంటికి ఎత్తుకునేవారు, గుమ్మం వయసే ఇంటి వయసు అనుకోకండి.

ఒక పెంకు తీసి అడుగున అచ్చు చూడండి. బేసెల్ మిషన్ అని ఉంటే మొదటి ప్రపంచ యుద్ధం ముందు సరుకు, కామన్‌వెల్త్ అని ఉంటే యుద్ధం తర్వాతది, అదే ఫ్యాక్టరీ చేతులు మారాక వచ్చిన పేరది. 1865 అని కనబడితే కంగారు పడొద్దు, అది ఫ్యాక్టరీ పెట్టిన సంవత్సరం.

పాతదస్తావేజు:
చాలా ఏళ్లు దస్తావేజులు రాసినవాణ్ణి, నాకు తెలిసింది చెప్తాను. మీ ఇల్లు గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ల స్థలాల్లో ఉంటుంది, దానికి విడిగా సర్వే నంబరు ఉండదు కాబట్టి అడంగల్లో (పొలాల రికార్డులో) వెతికితే దొరకదు. రిజిస్ట్రార్ ఆఫీసులో ఇండెక్స్ 1 పేర్ల మీద, ఇండెక్స్ 2 ఊరు, ఆస్తి మీద ఉంటాయి, ఫీజు కట్టి మాన్యువల్‌గా వెతికించుకోవాలి. ఒకటో పుస్తకం, అంటే స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే పుస్తకం ఎవరైనా చూడొచ్చు, వారసులే అయ్యుండాలని లేదు, ఎవరైనా కాదంటే ఆ మాట గట్టిగా చెప్పండి.

అన్నిటికంటే ముందు పక్కింటి వాళ్ల పాత కాయితాలు చూడండి. ఇంటిస్థలానికి హద్దులే ఆధారం కదా, వాళ్ల దస్తావేజులో "పడమర: ఫలానా వారి ఇల్లు" అని రాసుంటుంది, ఆ ఫలానా వారే అప్పట్లో మీ ఇంటి యజమాని. ఎందుకు అడుగుతున్నారో ముందే చెప్పండి, లేకపోతే హద్దు తగాదాకొచ్చారనుకుంటారు. 1925కి ముందువైతే తూర్పు గోదావరి అని ఉండదు, ఉట్టి గోదావరి జిల్లా అనే ఉంటుంది, పైగా గొలుసుకట్టు రాత, పాత కరణాల ఇళ్లల్లో పెద్దవాళ్లుంటే చదివించండి.

కొబ్బరితోట:
చాలా థాంక్సండి. పెంకు మీద కామన్‌వెల్త్ అనే ఉంది. తూర్పు పక్కింటి మావయ్యగారు ట్రంకుపెట్టె దింపి 1912 క్రయ దస్తావేజు చూపించారు, పడమర హద్దులో "పెంకుటిల్లు" అని ఉంది గానీ ఇంటిపేరు మాది కాదండీ, వేరే వాళ్లది. పెదనాన్న మాటే నిజమేమో, మామ్మకి ఎలా చెప్పాలో తెలీట్లేదు.

పాతదస్తావేజు:
బాధపడకండి, మామ్మగారి మాట కొట్టిపారేసేది కాదు. 1912లో పెంకుటిల్లే, కానీ ఇప్పుడున్న పెంకు యుద్ధం తర్వాతది, అంటే మీ ముత్తాతగారి చేతికొచ్చాక పైకప్పంతా విప్పి మళ్లీ కట్టించి ఉండొచ్చు, దాన్నే ఇంట్లో "కట్టించారు" అని చెప్పుకుని ఉంటారు. ఇప్పుడు వెతకాల్సింది 1912 నుంచి 1938 దాకానే. ఇండెక్స్ 1లో రెండు ఇంటిపేర్లూ చూడమనండి, క్రయం ఒక్కటే కాదు, తాకట్టు కూడా అడగండి, బాకీ కింద వచ్చుంటే తాకట్టు దస్తావేజు దానికంటే ముందే పడి ఉంటుంది. ఆ ఇంటిపేరు వాళ్లు మీ చుట్టుపక్కల ఇంకా ఉంటే వాళ్లనీ ఒకసారి కలవండి.