అప్‌డేట్: పాత కారు వెనక సస్పెన్షన్ బాగైంది

మా నాన్నగారి 1990ల నాటి జర్మన్ సెడాన్ వెనక భాగం గుంతల్లో ఎద్దుబండిలా కొడుతోందని, తిరుపతిలో ఒక గ్యారేజీవాళ్లు రెండు స్ట్రట్లూ (చక్రాల దగ్గర బాడీని మోసే ఆయిల్ సిలిండర్లు) మార్చాలంటున్నారని మొన్న అడిగాను కదా. ఈ కారు వెనక సస్పెన్షన్ బరువును బట్టి ఆయిల్ ప్రెషర్‌తో ఎత్తు తానే సర్దుకునే రకం. పోయింది స్ట్రట్లు కాదు, అందులో కుదుపును మింగే గ్యాస్ గోళాలు.

ఇంజిన్ ఆన్‌లో ఉంచి వెనక సీట్లో ముగ్గురిని కూర్చోబెడితే కారు కాస్త దిగి, మెల్లగా మళ్లీ లేచింది. అంటే ఆయిల్ పంపు, ఎత్తును సర్దే లెవెల్ వాల్వు పనిచేస్తున్నట్టే. స్ట్రట్ల దగ్గర ఆయిల్ చెమ్మ కూడా లేదు. కానీ డిక్కీ మీద ఎంత నొక్కినా కదల్లేదు, అసలు సంగతి అక్కడే తెలిసింది. గోళం లోపల రబ్బరు పొరకు ఒకవైపు నైట్రోజన్, మరోవైపు ఆయిల్ ఉంటాయి. పొర చిరిగితే గ్యాస్ పోతుంది. ఆయిల్ దాదాపు కుదించుకోదు కాబట్టి కుదుపంతా నేరుగా బాడీకి తగులుతుంది.

రేణిగుంట రోడ్డులో ఒక పెద్దాయన ముందు బ్లీడ్ స్క్రూతో ప్రెషర్ దించాకే పైపులు విప్పారు. అది తప్పనిసరి. గోళాలు రెండూ మార్పించి, మాన్యువల్‌లో చెప్పిన హైడ్రాలిక్ ఆయిలే పోయించాం. బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్లు పాడవుతాయి, దయచేసి ఎవరికీ ఆ సలహా ఇవ్వకండి.

నిన్న అమ్మానాన్నలను కొండకు తీసుకెళ్లొచ్చాను. దిగేటప్పుడు కూడా అమ్మ నడుం నొప్పి అనలేదు. ఈ సిస్టమ్ తీసేసి మామూలు స్ప్రింగులు వేయించమని మొన్న ఇక్కడ సలహా ఇచ్చిన అన్నకు థ్యాంక్స్, ఇక ఆ అవసరం లేదు.