లేబుల్ మీద తామర సారం: సీలు తీయని డబ్బాను పరీక్షకు ఎలా పంపాలి?

ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆడతాను. ఆరు వారాలు ఒక ప్రీ-వర్కౌట్ పొడి (కసరత్తుకు ముందు తీసుకునేది) వాడాను, రోజుకో స్కూపు. డోపింగ్ నిషేధిత పదార్థాల జాబితాతో లేబుల్ పోల్చి చూశాకే మొదలుపెట్టాను. మొన్న మళ్లీ చదివితే ఆఖరి వరుసలో, చీమ తలకాయంత అక్షరాల్లో ‘నెలుంబో న్యూసిఫెరా’ అని ఉంది. అంటే తామర మొక్కే! అందులో సహజంగానే హైజెనమైన్ ఉంటుంది. అది బీటా-2 అగోనిస్టు (శ్వాసనాళాలను వదులు చేసే రకం), పోటీ ఉన్నా లేకున్నా నిషేధమే. 2016లో ఫుట్‌బాల్ ఆటగాడు మమదు సాఖోను తాత్కాలికంగా సస్పెండ్ చేసింది దీనికే (తర్వాత కేసు కొట్టేశారనుకోండి).

పొడి ఆపి 9 రోజులైంది. తయారీదారుకు మూడు మెయిళ్లు పెట్టాను, ఉలుకూ పలుకూ లేదు. నిషేధిత పదార్థాల కోసం పరీక్షించిన సప్లిమెంట్ల బ్యాచ్‌లు చూపే ఇన్ఫార్మ్‌డ్ స్పోర్ట్ సైట్‌లో బ్యాచ్ నంబరు వెతికాను, దొరకలేదు. క్లబ్ డాక్టరు ‘డోపింగ్ టెస్టు ఫారంలో రాసేయ్, చాలు’ అన్నారు. రాస్తాను, కానీ రాసినంత మాత్రాన బాధ్యత తప్పదు కదా. కొకైన్ లాంటివి ఆటతో సంబంధం లేకుండా, పోటీ బయట వాడినట్టు నిరూపిస్తే 3 నెలల నిషేధంతో పోతుంది. సప్లిమెంటుకు ఆ వెసులుబాటు లేదు, విచిత్రం.

అదే బ్యాచ్‌లో సీలు తీయని డబ్బా ఇంకోటి నా దగ్గరుంది. ఇలా పరీక్ష చేయించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: విచారణలో చెల్లే రిపోర్టు కావాలంటే డబ్బాను ఆటగాడే నేరుగా ల్యాబ్‌కు పంపొచ్చా, డోపింగ్ నిరోధక సంస్థ ద్వారానే పంపాలా?