బండి ఆగితే హీటెక్కుతోంది: థర్మోస్టాట్ వాల్వు పీకించాలా, వద్దా?

గుంటూరు హ్యాచ్‌బ్యాక్
పాత పెట్రోల్ బండి. హైవే మీద టెంపరేచర్ ముల్లు సగం దాటదు. విజయవాడ బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మాత్రం ఎర్ర గీత దాకా పోతుంది. బండి కదిలితే మళ్ళీ దిగుతుంది. కూలెంట్ నిండుగా ఉంది, కింద చుక్క కూడా కారడం లేదు. ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపే థర్మోస్టాట్ వాల్వు ఉంటుంది కదా, మా మెకానిక్ "అది చలి దేశాల వాళ్ళకండీ, మన ఎండలకి ఎందుకు? పీకేద్దాం" అంటున్నాడు. పీకించమంటారా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

ట్రావెల్స్ బాబాయ్
పీకించెయ్ బాబూ. అంబాసిడర్ల కాలం నుంచి ట్యాక్సీ తిప్పుతున్నా, బండి చేతికి రాగానే ముందు ఆ వాల్వే తీయిస్తా. అది మూసుకుని బిగుసుకుపోయిందంటే నడిరోడ్డు మీద బండి ఆగిపోతుంది, ప్యాసింజర్లతో మాటలు పడేది మనమే. నీళ్ళు ఆగకుండా తిరుగుతుంటే ఇంజన్‌కి ఢోకా లేదు.

ఆటోనగర్ షెడ్డు
వాల్వు బిగుసుకుంటే ఇంజన్ మాడిపోతుందన్న మాట నిజమే బాబాయ్. కానీ ఈ తమ్ముడి బండి జబ్బు అది కాదు. వాల్వు తెరుచుకోని బండి హైవే మీద ఇంకా తొందరగా హీటెక్కుతుంది, ఎందుకంటే అక్కడ ఇంజన్ పుట్టించే వేడి ఎక్కువ. ఈ బండి కదిలితే చల్లబడుతోంది. అంటే నీళ్ళు తిరుగుతున్నాయి, ఆగినప్పుడు రేడియేటర్‌కి గాలి అందడం లేదు. వేగంలో ఎదురుగాలి చేసే పనిని, ఆగినప్పుడు ఫ్యాన్ చేయాలి. ముందు దాని సంగతి చూడాలి.

తమ్ముడూ, ఏసీ ఆపి బండిని ఐడిల్‌లో ఉంచు. చాలా బండ్లలో కూలెంట్ 95 నుంచి 100 డిగ్రీలు చేరేసరికి ఫ్యాన్ అందుకోవాలి. ముల్లు రోజూ ఉండే చోటు దాటినా ఫ్యాన్ కదలకపోతే ఏసీ వెయ్యి. అప్పుడు తిరిగిందంటే మోటరు బాగానే ఉంది, టెంపరేచర్ సెన్సర్ మీదో దాని వైరింగ్ మీదో అనుమానం. రెండు స్పీడ్ల ఫ్యాన్ అయితే తక్కువ స్పీడుకి ఉండే రెసిస్టర్ కూడా కాలిపోతుంటుంది. ఏసీ వేసినా తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటరు వరసగా చూడాలి. ఇంజన్ ఆపి, బ్యాటరీ వైరు తీశాకే ఫ్యాన్ దగ్గర చెయ్యి పెట్టు, కొన్ని బండ్లలో తాళం తీసినా ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది. మోటరు ప్లగ్గు ఊడదీసి చూడు. ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి, లోపలి పిన్ను నల్లబడి ఉంటే కరెంటు సరిగ్గా అందడం లేదన్నమాట.

ఫ్యాన్ బాగానే తిరుగుతోందంటే టార్చి తీసుకో. ముందు కనబడేది ఏసీ కండెన్సర్, రేడియేటర్ దాని వెనకాల ఉంటుంది. ముందు నుంచి అంతా శుభ్రంగానే కనబడుతుంది, కానీ ఆ రెంటి మధ్య సందులో దుమ్ము, పురుగులు, దూది కలిసి దుప్పటిలా పేరుకుపోతాయి. ఇంజన్ వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో నీళ్ళు కొట్టించాలి. గట్టిగా కొడితే రేకులు వంగిపోతాయి.

హైదరాబాద్ డీజిల్
మా బండికి వాల్వు తీశాక ముల్లు దిగిందన్నా. మరి దానికేమంటారు?

ఆటోనగర్ షెడ్డు
దిగుతుంది. ఇంజన్ మామూలు కన్నా చల్లగా నడుస్తుంది కాబట్టి ఎర్ర గీత చేరడానికి ఎక్కువసేపు పడుతుంది. ఫ్యాన్ రోగం అలాగే ఉంటుంది. రోహిణి కార్తెలో ఏసీ వేసుకుని గంటసేపు ట్రాఫిక్‌లో నిలబడితే అప్పుడు బయటపడుతుంది.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. చాలా ఇంజన్లలో వాల్వుకి అడుగున రెండో బిళ్ళ ఉంటుంది. పై బిళ్ళ రేడియేటర్ దారి తెరిచినప్పుడు, అడుగు బిళ్ళ బైపాస్ దారి మూస్తుంది. మొత్తం పీకేస్తే బైపాస్ తెరుచుకునే ఉండిపోతుంది, వేడి నీళ్ళలో కొంత రేడియేటర్‌కి పోకుండా తిరిగి ఇంజన్‌లోకే వస్తుంది. చల్లబడాలని తీసిన బండి ఇంకా హీటెక్కేది ఇందుకే.

ట్రావెల్స్ బాబాయ్
అంబాసిడర్‌కి ఏళ్ళ తరబడి లేకుండా నడిపాం, ఏమైంది?

ఆటోనగర్ షెడ్డు
అంబాసిడర్ ఫ్యాన్ బెల్టు మీద ఇంజన్‌తో పాటే తిరిగేది. కార్బొరేటర్‌కి ఇంజన్ వేడి ఎంతో కనిపెట్టే కంప్యూటర్ లేదు. ఇప్పటి బండికి ఉంది. కూలెంట్ వేడెక్కకపోతే ఇంజన్ ఇంకా చల్లగా ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పంపిస్తుంది. మైలేజీ పడిపోతుంది, ఆ పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేసి అరుగుదల పెంచుతుంది. చెక్ ఇంజన్ లైటు వెలిగి స్కానర్‌లో పీ0128 కోడ్ (కూలెంట్ కావలసినంత వేడెక్కడం లేదని) వచ్చే బండ్లలో చాలావాటికి వాల్వు లేకపోవడమో, తెరుచుకుని ఉండిపోవడమో కారణం.

ఇక మన ఎండలంటారా, రెంటచింతలలో బయట 45 డిగ్రీలున్నా ఇంజన్‌కి అది చలే. అది సరిగ్గా పనిచేయడానికి 90 దగ్గర ఉండాలి. రాత్రిపూట దారిలో వాల్వు బిగుసుకుపోయి, కొత్తది దొరక్కపోతే, పీకి ఇల్లు చేరడం తప్పు కాదు. చేరాక మాత్రం కొత్తది వేయించాలి. అన్నట్టు బోరు నీళ్ళు పోసే అలవాటుంటే మానేయండి, ఆ ఉప్పు రేడియేటర్ గొట్టాల్లో పేరుకుంటుంది.

గుంటూరు హ్యాచ్‌బ్యాక్
చూశానన్నా. ఏసీ వేస్తే ఫ్యాన్ తిరుగుతోంది, ఆపితే ముల్లు ఎక్కుతున్నా తిరగడం లేదు. ముందు సెన్సర్ ప్లగ్గు చూపిస్తాను.

ట్రావెల్స్ బాబాయ్
అయితే నీది ఫ్యాన్ గొడవే, ఒప్పుకుంటా. నా ట్యాక్సీల సంగతి వేరు, రోజంతా రోడ్డు మీదుంటాయి. వాల్వు రేపో మాపో పోతుందని ముందే తెలిసే దారుందా?

ఆటోనగర్ షెడ్డు
కొంత ఉంది. పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, ఫ్యాన్‌కీ బెల్టుకీ దూరంగా ఉండి, రేడియేటర్ పై పైపు ముట్టుకోండి. చాలా బండ్లలో కాసేపు చల్లగా ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కాలి. మొదటి నుంచే గోరువెచ్చగా ఉంటే వాల్వు తెరుచుకుని ఉండిపోయింది. ముల్లు ఎర్ర గీత వైపు పోతున్నా పైపు చల్లగానే ఉంటే మూసుకుని ఉండిపోయింది, వెంటనే ఇంజన్ ఆపేయండి. వేడి మీద రేడియేటర్ మూత తిప్పకండి. చల్లారాక వాల్వు విప్పి చూస్తే దాని మీద 82 అనో 88 అనో కొట్టి ఉంటుంది. గిన్నెలో నీళ్ళు పోసి, థర్మామీటర్ పెట్టి కాచండి. ఆ అంకె దగ్గర కదలడం మొదలెట్టకపోతే మార్చేయండి.